ఇరవై నాలుగు శాతం

"నీ మొగుడు చేసిన పని చూడవే మధూ. దగ్గరికొచ్చి చూడు. దూరం నుంచైతే బాగనే అగపడతాది."

కృష్ణవేణమ్మ పెద్ద కూతురి మణికట్టు పట్టుకుని మంచం దగ్గరికి లాక్కొచ్చింది. కడప బస్సు దిగి వచ్చిన మధులత ఇంకా కాళ్లు కూడా కడుక్కోలేదు.

మంచం మీద భూపేష్ కుడిచేతిని మెడలో పట్టీకి వేలాడేసుకుని తల వంచుకుని కూర్చున్నాడు. పొద్దున చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి పైకెత్తితే భుజం జారిపోయింది. పక్కింటి చిన్న ఈరన్న ఆటోలో ఓర్వకల్లు నుంచి కర్నూలు దాకా మూలుగుతూ పోయాడు. అక్కడ మత్తిచ్చి భుజాన్ని లోపలికి నెట్టి పంపించారు. బండలాగుడు పోటీల్లో ఒంగోలు కోడెల వెంట ఉరికే మనిషి చొక్కా తొడుక్కోలేక కూలబడిపోయాడు. ఆపరేషన్ అయ్యాక ఇట్లా జారడం ఇది రెండోసారి.

"ఆపరేషన్ చేసినవన్నీ నిలబడవమ్మా. కొందరికి మళ్లా జారతాదని ఆయన ముందే చెప్పినాడు," అంది మధులత.

"చెప్పేదానికేమి, నోరుండాది, చెప్తాడు. మగ్గం గుంతలో కూచోని పోగులు లెక్కబెట్టే ఇంట్లో పుట్టినోడు ఎముక లెక్క తప్పినాడంటే నేను నమ్మాల్నా? మనమంటే లెక్కలేక చేసినాడు."

మధులత మొహం కందిపోయింది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ ఇంట్లో ఎవరికి కోపమొచ్చినా ఆ మగ్గం గుంత మాట బయటికి రావాల్సిందే. మైదుకూరు పక్క నేతగాళ్ల ఇంటి పిల్లోడు కేశవ. చదివి ఎముకల డాక్టరై, కడపలో సొంత ఆసుపత్రి పెట్టుకున్నాక మధులత తండ్రి ఓబుళేశు అతనికి పెద్ద కూతురినిచ్చాడు. ఇచ్చాడు గానీ, పెద్ద రైతింటి పిల్లనిచ్చానన్న సంగతి అల్లుడిని ఒక్కరోజు మరిచిపోనివ్వలేదు.

"అమ్మా, అక్కనేమీ అనద్దు," అన్నాడు భూపేష్. "భుజం నాది. నొప్పి నాది. మీకేల?"

"నువ్వు గమ్మునుండు."

వంటింటి గడపలో నిలబడిన నాగజ్యోతికి మాత్రం లోపల హాయిగా ఉంది. తమ్ముడి భుజం జారిపోతే హాయేమిటని ఎవరైనా తిట్టొచ్చు. తిట్టాల్సిందే. ఆమె కూడా పొద్దుటి నుంచి తనను తాను అదే తిట్టుకుంటోంది. అయినా ఆ హాయి పోవడం లేదు.

నాగజ్యోతి కర్నూలులో ఒక స్కానింగ్ సెంటర్‌లో డాక్టరు. బొమ్మలు చూసి రిపోర్టు రాసే పని. బావ గృహప్రవేశం నాడు, వచ్చినవాళ్లందరూ పంక్తిలో కూర్చుని తింటుండగా, "మా మరదలిది నీడల చదువు. జాతకం చెప్పినట్టు నీడలు చూసి చెప్తాది," అన్నాడు కేశవ. అందరూ నవ్వారు. ఓబుళేశు కూడా నవ్వాడు. అదే ఎక్కువ కాలింది.

పోయినేడు భూపేష్ ఆపరేషన్‌కు ముందు, స్కాన్ ఒకసారి పంపించమని ఆమె కేశవకు ఫోన్ చేసింది. "ఇంటి ఆడపిల్లలతో కొలిపించుకోని కత్తి పట్టే ఖర్మ నాకింకా రాలేదులే జ్యోతీ," అని నవ్వుతూనే పెట్టేశాడు. ఆ నవ్వు నాగజ్యోతి మరిచిపోలేదు. మరిచిపోవాలని అనుకోలేదు కూడా.

పోయిన నెల భుజం మొదటిసారి మళ్లీ జారినప్పుడు తమ్ముడి బీరువాలోంచి ఆ పాత స్కాన్ డిస్కు తీసుకుపోయింది. తలుపేసుకుని కూర్చుని కొలిచింది. వచ్చిన అంకెను ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. సమయం కోసం చూసింది. ఇప్పుడొచ్చింది.

"అక్కనడిగితే ఏమొస్తాదమ్మా? నన్నడుగు. నేను కొలిచినా," అంది.

వసారాలో కూర్చున్న ఓబుళేశు లేచి లోపలికొచ్చాడు. "ఏం కొలిచినావు?"

"భుజంలో ఎముక గుండు కూర్చునే గుంట ఉంటాది నాయినా. లోతేం ఉండదు, మూకుడు మాదిరి. దాని ముందరి అంచు విరిగితే గుండు ఆనుకోను చోటుండదు, జారిపోతాది. రోంత విరిగితే చుట్టూ ఉండే మెత్తటి పొరను కుట్టి బిగిస్తే చాలు. ఎక్కువ విరిగితే కుట్టు నిలబడదు. ఇంగో చోటి నుంచి ఎముక ముక్క తెచ్చి అంచు కట్టాల. ఇరవై శాతం కాడ శానామంది డాక్టర్లు గీత గీసుకుంటారు."

"మీ బావ ఎంతన్యాడు?"

"పదకొండని రాసినాడు. కుట్టి పంపించినాడు."

"నీకెంతొచ్చింది?"

"ఇరవై నాలుగు."

మధులత చెల్లెలి వైపు చూసింది. ఆ చూపులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. నాగజ్యోతి చూపు తిప్పుకోలేదు.

"అంటే సగం గూడా చూడలే," అన్నాడు ఓబుళేశు. "ఆదివారం కడపకు పోదాం. వాని ఇంట్లోనే, వాని నోటితోనే తప్పని చెప్పిస్తా. చెప్పకపోతే మన చుట్టాల ఇండ్లల్లో ఒక్కరూ ఆ ఆసుపత్రి మెట్టెక్కకుండా చేస్తా. మధూ, నీ మొగునికి చెప్పు, యాడికీ పోకుండా ఇంటికాడ ఉండమను."

మధులత ఆ సాయంత్రమే కడప బస్సెక్కింది. పుట్టింట్లో ఒక ముద్ద కూడా ముట్టలేదు.

*

మర్నాడు నాగజ్యోతి తన కొలతను యేసుప్రసాద్ గారి ముందు పెట్టింది. స్కానింగ్ సెంటర్‌లో అందరికన్నా పెద్దాయన. టీ చల్లారిపోయినా పట్టించుకోకుండా ఒక్క బొమ్మ మీద గంట కూర్చునే రకం. ఆయన సంతకం కూడా తోడైతే కేశవ నోరెత్తడానికి ఉండదని ఆమె లెక్క.

ఆయన సంతకం పెట్టలేదు. "ఎవరి భుజమో తెలిసే కొలిచినావా?" అనడిగాడు.

"మా తమ్ముడిది సార్. తెలియకేం?"

"ముందు కొలిచిందెవరో, ఎంత రాసినాడో, అది గూడా తెలుసు."

"తెలుసు."

"అట్లైతే నేను పేర్లు తీసేసి, ఇంకొన్ని భుజాల్లో కలిపి నీ ముందర పెడతా. మళ్లా కొలువు. నేనూ కొలుస్తా. ఇద్దరం ఒకరిదొకరు చూసుకోవద్దు."

నాగజ్యోతికి ఒళ్లు మండింది. నా కొలత మీద ఈయనకు కూడా అనుమానమా అనుకుంది. అయినా కాదనలేకపోయింది. శుక్రవారం దాకా, ఖాళీ దొరికినప్పుడల్లా పేరూ ఊరూ లేని భుజాలను ఒకదాని తర్వాత ఒకటి కొలిచింది.

ఆ కొలతలో ఉన్న చిక్కు ఆమెకు తెలియనిది కాదు. గుంటను ఎదురుగా నిలబెట్టి చూస్తే కిందిభాగం గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రానికి సరిపోయేలా ఒక గీత గీసి, ముందువైపు ఎంత ఖాళీ ఉందో చూడాలి. కానీ విరిగిపోయిన అంచు ఒకప్పుడు ఎక్కడిదాకా ఉండేదో బొమ్మలో ఉండదు. మిగిలిన అంచును బట్టి కొలిచేవాళ్లే ఊహించుకోవాలి. ఆ ఊహ వెంట్రుకవాసి బయటికి జరిగితే శాతం ఎక్కడికో పోతుంది.

శుక్రవారం సాయంత్రం ఆయన పేర్లు బయటపెట్టాడు. తమ్ముడి భుజానికి ఆమె కొలత పద్దెనిమిది. ఆయన కొలత పదహారు.

"కలిసిపోయింటాయి సార్. ఇది వాడిది కాదేమో."

ఆయన వాదించలేదు. ఆమె మొదటి గుండ్రాన్నీ రెండో గుండ్రాన్నీ ఒకే బొమ్మ మీద వేసి చూపించాడు. మిగతా అన్ని వైపులా రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ముందువైపు మాత్రం మొదటి గీత బొజ్జలాగా బయటికి వచ్చి ఉంది. కేశవ తప్పు ఎక్కడ పెద్దదిగా కనపడాలో సరిగ్గా అక్కడే.

నాగజ్యోతికి చెవులు వేడెక్కాయి. కావాలని గీయలేదు. ఆ మాట ఎవరి ముందైనా ఒట్టేసి చెప్పగలదు. కానీ గీసిన చెయ్యి తనదే.

"కోపంలో ఉన్నప్పుడు కొలవద్దని మన పుస్తకాల్లో రాయలేదమ్మా. రాసిండాల్సింది," అన్నాడాయన. "పదహారు, పద్దెనిమిది, ఈ పాటి తేడా మనిద్దరికీ ఎప్పుడూ ఉండేదే. నాకర్థం కానిది మీ బావ పదకొండు. అంత తక్కువ యెట్లొచ్చింది?"

ఆయనే కేశవ రాసిన రిపోర్టు తిరగేశాడు. ఎడమ భుజంతో పోల్చి అని రాసి ఉంది. బాగున్న వైపు గుంటను అచ్చుగా తీసుకుని, చెడిపోయిన వైపు దాని మీద ఆన్చి చూడడం.

"మంచి పద్ధతే. ఊహించుకునే పనుండదు. కాకపోతే ఆ రెండోది నిజంగా బాగుండాల." ఆయన ఎడమ భుజం బొమ్మ తెరిచి నెమ్మదిగా తిప్పాడు. ఒకచోట ఆపాడు. "మీ తమ్మునికి ఎడమ భుజం ఎప్పుడు జారింది?"

"ఎప్పుడూ జారలేదు సార్."

ఆయన కుర్చీ పక్కకు జరుపుకుని ఆమెకు చోటిచ్చాడు. నాగజ్యోతి చూసింది. ఎడమ గుంట ముందంచు కూడా అరిగిపోయి చదునుగా ఉంది. ఒకటి రెండుసార్లైనా జారి ఉండకపోతే అట్లా ఉండదు. పోయిన నెల తలుపేసుకుని కొలిచిన రోజు ఆమె ఎడమవైపు తెరవనేలేదు. కుడివైపే చాలనిపించింది.

బయటికొచ్చి తల్లికి ఫోన్ చేసింది.

"భూపేషుకు ఎడమ భుజం ఎప్పుడు జారిందమ్మా?"

అవతలి నుంచి పశువుల కొట్టంలో గంటలు మాత్రం వినపడ్డాయి.

"అమ్మా."

"ఎవురు చెప్పినారు నీకు?"

"బొమ్మలో ఉండాది."

"అన్నీ తెలిసిపోతాయా ఆ బొమ్మల్లో," అంది తల్లి. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "పదో తరగతిలో. కోడెదూడ ఒక్కసారి గుంజింది, చెయ్యి వేలాడిపోయింది. మీ నాయిన ఊర్లో లేడు. కట్టు కట్టే ఆయప్ప దగ్గరికి తీసకపోయి కీలు వేయించినా. మళ్లా ఒకసారి జారింది. చెయ్యి నయమయ్యేదాకా మైదుకూరులో మీ చిన్నమ్మ ఇంట్లో పెట్టినా. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉండావు."

"నాయినకెందుకు చెప్పలేదు?"

"తెలీదా నీకు? మీ చిన్నాయన ఆ బండ కింద కాలు పోగొట్టుకున్నప్పుడు మీ నాయిన ఏమని ప్రమాణం చేసినాడు? నా కొడుకుకు ఈ ఎద్దుల వల్ల ఎముక విరిగిన దినం ఎద్దుల్ని అమ్మేసి కొట్టం పీకేస్తాననలేదా? వానికి ఆ కోడెలే లోకం. ఏడ్చి కాళ్లు పట్టుకున్నాడు. నేను నోరు మూసుకున్నా."

"మరి కుడి భుజం జారినప్పుడు?"

"అప్పుడు మీ నాయిన కండ్ల ముందరే జారింది, మైదానంలో. అమ్మాల్సిందే అన్నాడు. మొదటిసారి గదా, ఈ ఒక్కసారికి వదిలెయ్యమని కాళ్లావేళ్లా పడి నేనే ఒప్పిస్తి."

"బావ అడగలేదా? ఇట్లాంటివి ముందు అడుగుతారమ్మా."

"అడిగినాడు. మీ నాయిన పక్కనే కూచోనుండాడు. వాడు లేదన్యాడు. నేనూ లేదన్యా." కృష్ణవేణమ్మ గొంతు ఇంకా తగ్గించింది. "మీ నాయినకు ఈ సంగతి తెలిస్తే నన్ను బతకనీడు జ్యోతీ. ఆదివారం నువ్వు ఇరవై నాలుగనే చెప్పు. అది నువ్వు కొలిచిందే గదా. అబద్ధం గాదు గదా."

అబద్ధం కాదు. ఆ మాటను పట్టుకునే నాగజ్యోతి రెండు రోజులూ గడిపింది. గీత గీసింది తనే, అంకె వచ్చింది నిజమే. కేశవ బొమ్మ సరిగా చూడలేదన్నదీ నిజమే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ మనిషి తల వంచుకుంటే చూడాలి. తర్వాత సంగతి తర్వాత.

*

ఆదివారం కారు నాగజ్యోతే తోలింది. ఓబుళేశుకు తోలడం రాదు. నంద్యాల దాటారు, ఆళ్లగడ్డ దాటారు, మైదుకూరులో టీకి ఆపారు. ఓబుళేశు దారంతా మీసం దువ్వుకుంటూ తనలో తను ఏదో అనుకున్నాడు.

కింద ఆసుపత్రి, పైన ఇల్లు. మధులత అందరికీ నీళ్లిచ్చింది. కేశవ లోపలి గదిలోంచి వచ్చి మామకు ఎదురుగా కూర్చున్నాడు. రాత్రి నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమప్పా కేశవా," అన్నాడు ఓబుళేశు. "నా కొడుకు చొక్కా తొడుక్కోలేకపోతాండాడు. ఏం చేసినావు వాన్ని?"

"మధు చెప్పింది మామా. జ్యోతి కొలత వేరేగా వచ్చిందంట."

"నువ్వే అడుగు దాన్ని."

కేశవ మరదలి వైపు తిరిగాడు. ఈసారి నవ్వలేదు. "ఎంతొచ్చింది జ్యోతీ?"

పక్కన కూర్చున్న తల్లి ఊపిరి బిగబట్టడం నాగజ్యోతికి తెలుస్తూనే ఉంది.

"ఇరవై నాలుగు," అంది.

ఫోన్లో ఉన్న మొదటి గుండ్రాన్ని తెరిచి అతని చేతికిచ్చింది. కేశవ పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు. చాలాసేపు చూశాడు. మొహం నెమ్మదిగా పాలిపోయింది.

"ఇరవై నాలుగైతే కుట్టు నిలబడదు," అన్నాడు. "ఎముక వేసిండాల్సింది. నేను పదకొండనుకున్నా. తప్పే మామా."

"ఇనపల్యా. మళ్లా చెప్పు."

"మామా..."

"మా ఆడది ఇనలే. మళ్లా చెప్పు."

"నాదే తప్పు," అన్నాడు కేశవ. తల వంచుకున్నాడు.

వంచాడు. నాగజ్యోతి ఆ వంగిన తలను, పాపిటలో అప్పుడే పలచబడుతున్న జుట్టును కళ్లారా చూసుకుంది. పంక్తిలో నవ్విన నోళ్లన్నీ ఇప్పుడిక్కడ ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది. ఎదురుగా అక్క గోడకానుకుని నేలచూపులు చూస్తోంది. అది చూసి కూడా ఆమెకు జాలి కలగలేదు.

"తప్పంటే సరిపోదు," అన్నాడు ఓబుళేశు. "చెడగొట్టింది నువ్వు. బాగు చేయాల్సింది నువ్వే. వేరేవాని చేతిలో పెట్టను. నీ చేత్తోనే చేయాల, నేను తలుపు బయట కూచోనుంటా."

"చేస్తా మామా. నేనే చేస్తా." కేశవ తలెత్తాడు. తప్పు ఒప్పుకున్న మనిషికి ఉండే తొందర అతనిలో కనిపించింది. "ఈసారి నడుము ఎముకలోంచి ముక్క తీసి అంచు కడతా. ముక్క ఎంతుండాలనేది కంటి అంచనాతో వద్దు. ఎడమ భుజం బాగుంది గదా, దాన్నే అచ్చు తీసుకోని, దానికి సమానంగా చెక్కి పెడతా. వెంట్రుకవాసి తేడా రానీను."

భూపేష్ తలెత్తి నాగజ్యోతి వైపు చూసి, వెంటనే చూపు దించుకున్నాడు. అతని ఎడమచెయ్యి ఒళ్లో నుంచి మెల్లగా కుర్చీ పక్కకు జారింది. కృష్ణవేణమ్మ చెయ్యి నాగజ్యోతి మోకాలి మీద పడింది. గట్టిగా నొక్కింది.

నాగజ్యోతికి ఆ ముక్క కళ్ల ముందు కనిపించింది. అరిగిన అంచును చూసి చెక్కిన ముక్క. చాలనిది. మళ్లీ ఏడాదికో రెండేళ్లకో చొక్కా తొడుక్కుంటుంటే జారే భుజం, మళ్లీ కత్తి, మళ్లీ ఈ పంచాయతీ. ఈసారి కేశవ కొలత తప్పయితే, అది తప్పని ముందే తెలిసిన మనిషి ఒకతె ఈ గదిలో కూర్చుని ఉంది.

నోరు మూసుకుంటే పగ తీరిపోయినట్టే. ఒక్క నిమిషం మూసుకునే కూర్చుంది కూడా.

"ఎడమది పనికిరాదు బావా," అంది.

మోకాలి మీది చెయ్యి తీసేసుకుంది తల్లి.

"ఏం?"

"అది గూడా జారిన భుజమే. దాని అంచు గూడా అరిగిపోయినాది. దాన్ని అచ్చు పెట్టుకున్నందుకే నీకు పదకొండొచ్చింది."

కేశవ లేచి నిలబడ్డాడు. "నేనడిగినా. మామ కూచోనుండగానే అడిగినా, ఎడమ భుజం ఎప్పుడైనా జారిందా అని. లేదన్యారు."

"అడిగినావు. వాళ్లు లేదన్యారు. కానీ బొమ్మ నీ ముందరే ఉండె. అడిగి వదిలేసినావు. చూడలేదు."

కేశవ మళ్లీ ఫోన్లోని గుండ్రాన్ని చూశాడు. "మరి ఇరవై నాలుగు?" అన్నాడు.

"అది గూడా సరిగాదు. నీ మీద కోపంతో కొలిచినా. పేరు తీసేసి కొలిస్తే పద్దెనిమిది వచ్చింది. మా సార్‌కు పదహారు. గీతకు ఇవతలే." ఆమె కేశవ చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "నువ్వు కుట్టు వేసింది పెద్ద తప్పని ఎవరూ అనలేరు. బాగుండాదనీ అనలేరు. ఈ కొలత అట్లాంటిదే."

ఓబుళేశు అల్లుడినీ చూడలేదు, కూతురినీ చూడలేదు. కొడుకు వైపు తిరిగాడు.

"ఎప్పుడు?"

"పదో తరగతిలో నాయినా. కోడెదూడ గుంజితే."

"ఎవురికి తెలుసు?"

భూపేష్ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఓబుళేశు అప్పటికే భార్యను చూస్తున్నాడు.

"మైదుకూరులో మీ చెల్లెలింటికి పంపించినానంటివి. సెలవులకు పోయినాడంటివి. అప్పుడేనా?"

"ఊఁ."

"కుడిది జారిన దినం ఎద్దులు అమ్ముతానంటే మొదటిసారి గదా అంటివి."

కృష్ణవేణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన అరుస్తాడని అందరూ ఎదురుచూశారు. ఓబుళేశు అరుపులకు ఆ ఇంట్లో అందరూ అలవాటుపడినవాళ్లే. అరిస్తే బాగుండేది. ఆయన మామూలు గొంతుతోనే మాట్లాడాడు.

"ఇంతసేపూ ఈ పిల్లోని తల వంచినా నేను. రెండుమార్లు చెప్పించినా, నువ్వు ఇనలేదని. నీకన్నీ తెలుసు. తెలిసీ ఇనుకుంటా కూచున్నావు."

"వాని కోసరమే," అంది కృష్ణవేణమ్మ.

"వాని కోసరమే. చొక్కా గూడా తొడుక్కోలేని మాదిరి చేసినావు."

ఓబుళేశు లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. కేశవ ముందు ఒక క్షణం నిలబడ్డాడు. ఏదో అనాలని నోరు తెరిచాడు. ఆ నోటికి క్షమాపణ ఎప్పుడూ అలవాటు లేదు, ఇప్పుడూ రాలేదు.

"మామా, ఆపరేషన్ సంగతి..." అన్నాడు కేశవ.

ఓబుళేశు పెద్ద కూతురి వైపు తిరిగాడు.

"మధూ, మీ అమ్మను ఈడనే పెట్టుకో. ఇంటికి తీసకపోను."

"నాయినా, ఏం మాటలవి?"

"రేపు ఎద్దుల బేరగాన్ని పిలిపిస్తా. అవి కొట్టంలోంచి పోతాంటే చూసేదానికి ఈమె ఉండక్కర్లేదు. లెయ్యి భూపేషూ."

భూపేష్ లేచాడు. తల్లి కాళ్ల దగ్గర ఆగబోయి, తండ్రి చూపు చూసి ఆగలేకపోయాడు. పట్టీలో వేలాడే చేతిని రెండో చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. కేశవ అతని వెనకే రెండు మెట్లు దిగి నిలబడిపోయాడు.

మధులత వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఆ రోజు తనను మంచం దగ్గరికి లాక్కుపోయిన చేతినే తన చేతిలోకి తీసుకుంది. కృష్ణవేణమ్మ తీసుకోనిచ్చింది గాని, పెద్ద కూతురి మొహం చూడలేకపోయింది.

"జ్యోతీ, తాళం తీసుకోని రా," అని కింద నుంచి ఓబుళేశు కేకేశాడు.

తాళం చెవి నాగజ్యోతి గుప్పిట్లో ఉంది. గుప్పిట విప్పబుద్ధి కాలేదు.

"నేనేం చేసిండాల్సిందమ్మా?" అనడిగింది.

కృష్ణవేణమ్మ కళ్లు తుడుచుకుని చిన్న కూతురిని తేరిపార చూసింది.

"ఇరవై నాలుగు కాడ ఆపిండాల్సింది," అంది. "పో, మీ నాయిన పిలుస్తాండాడు."